తవుడుకి కొన్న బిడ్డలు

కిందటేడు మా ముప్పాళ్ళ బడిలో ఐదో తరగతి పిల్లలకు ఒక పని చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్ళనడిగి తాతల పేర్లు, ముత్తాతల పేర్లు రాసుకురమ్మన్నాను. మర్నాడు వచ్చిన పేర్లలో పుల్లయ్యలు ముగ్గురు, పెంటయ్యలు ఇద్దరు, పెంటమ్మ ఒకామె. "మా ముత్తాతకి ఈ పేరేంది టీచర్, ఇట్టా ఉంది?" అని ఒక పిల్లాడు తలొంచుకున్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. మా నాయనమ్మ పేరు కూడా పెంటమ్మే అని చెప్పాక నవ్వు ఆగింది.

పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టు ఇంట్లోకి తెచ్చేవాళ్ళు. ఆ బిడ్డ పెంటయ్య. ఎంగిలి విస్తరాకుల్లో దొర్లిస్తే పుల్లయ్య. ఉత్తరాంధ్రలో అయితే బిడ్డను పొరుగింటామె చేతిలో పెట్టి, చేటెడు తవుడు ఆమెకు పోసి, మళ్ళీ కొనుక్కుంటారు. ఆ బిడ్డ తవిటయ్య, ఆడపిల్లయితే తవిటమ్మ. పనికిరాని వస్తువును ఎవరూ ఎత్తుకుపోరు గదా, మృత్యువు కూడా ఎత్తుకుపోదని ఆశ. ఇది మా ఎరుకలవాళ్ళ ఆచారం మాత్రమే కాదు, చాలా కులాల్లో ఉంది. నైజీరియాలో యొరుబా వాళ్ళు అట్లా పుట్టి పోయే బిడ్డను అబీకు అంటారు. తర్వాతి బిడ్డకు 'కొకుమొ' అని పేరు పెడతారు, ఇక చావడు అని అర్థం. సముద్రాల అవతల కూడా తల్లి దుఃఖం పేరుగానే మిగిలింది.

మా నాయనమ్మకు ముందు నలుగురు పోయారు. వాళ్ళకు పేర్లు లేవు. ఆ నలుగురి గుర్తు ఆమె పేరొక్కటే.

ఆ రోజుల్లో పసిబిడ్డల్ని తీసుకుపోవడానికి అమ్మవారు, ధనుర్వాతం, విరేచనాలు అన్నీ కాచుకుని ఉండేవి. అయితే ఒకే తల్లి బిడ్డలు వరసగా పోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. అది అమ్మానాన్నల నుంచి రక్తంలో దిగి వచ్చేది. ఈ సంగతి నాకు పుస్తకాల్లో కాదు, ఒక స్నేహితురాలి వల్ల తెలిసింది.

ఆమెది పాడేరు వైపు. ఆదివాసీ ఉపాధ్యాయుల సమావేశంలో పరిచయం. 2007లో ఆమెకు మొదటి కొడుకు పుట్టాడు. ఐదు నెలల దాకా బొద్దుగా ఉన్నాడు. ఏడో నెలలో చేతులు, పాదాలు వాచాయి. ముట్టుకుంటే ఏడుపు. దిష్టి అన్నారు, పాలు పడలేదన్నారు. "ఏం తిన్నావో, ఎక్కడ తిరిగావో" అని తల్లినే అన్నారు. చివరికి పట్నం ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి చీటీ మీద రాసిచ్చారు: సికిల్ సెల్. ఆ రెండు మాటలు పట్టుకుని ఆమె ఇంటికొచ్చింది. చలి తగిలితే నొప్పులు వస్తున్నాయని తనే కనిపెట్టింది. రాత్రుళ్ళు కుంపటి దగ్గర బిడ్డను భుజాన వేసుకుని కూర్చునేది. నీళ్ళు ఎక్కువ తాగితే కాస్త తెరిపిగా ఉంటాడని ఉగ్గుగిన్నెతో పట్టించేది. పగలు బడి.

ఏడాదిన్నర వయసులో ఒక సాయంత్రం బిడ్డ పొట్ట ఉబ్బింది, పెదాలు తెల్లబడ్డాయి. అత్తగారు పొట్ట మీద చెయ్యి వేసి "బల్ల పెరిగింది" అంది. వాతలు పెట్టిద్దామంది. ఈమె ఒప్పుకోలేదు. జీపు దొరికి, ఘాట్ దిగేసరికి ఒళ్ళోనే పోయాడు.

ఇప్పుడు ఈ జబ్బు చరిత్ర చూద్దాం. 1910లో చికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టరు, గ్రెనడా దీవి నుంచి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాల్ని చూశానని రాశాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం లోపం హిమోగ్లోబిన్‌లోనే ఉందని తేల్చింది. 1952లో లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు నీలగిరి ఆదివాసుల రక్తంలో ఇదే కనుక్కున్నారు. అంటే మన దేశంలో ఇది తెలిసింది మొదట ఆదివాసుల నెత్తురు నుంచే. ఆ తర్వాత మన మన్యంలోనూ, ఆదిలాబాద్‌లోనూ ఎందరో వచ్చి నెత్తురు తీసుకుపోయారు, వ్యాసాలు అచ్చేసుకున్నారు. ఆ వ్యాసాలు మా స్నేహితురాలి ఇంటి దాకా రాలేదు.

అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిస్తేనే జబ్బు. ఇద్దరూ ఒక్కొక్కటి మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఒక్కటే ఉన్న మనిషి మామూలుగానే తిరుగుతాడు. పైగా ప్రాణం తీసే మలేరియా అతన్ని అంతగా పట్టదు. రక్తపు లోపాలకు, మలేరియాకు ఈ సంబంధం ఉండవచ్చని మొదట ఊహించినవాళ్ళలో హాల్డేన్ ఒకడు. సికిల్ సెల్ విషయంలో 1954లో ఆలిసన్ ఆఫ్రికాలో దాన్ని చూపించాడు. మన్యం జ్వరాల మధ్య మన పెద్దలు బతికి బట్టకట్టడంలో ఈ జన్యువుకూ వాటా ఉంది. దాన్ని పాపం అనడం ఎట్లా?

హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేశాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతూ తన శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. ఆయన శిష్యుడు, పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు మన ఆంధ్రలో మేనరికాల మీద పరిశోధన చేశాడు. మా ఎరుకల్లో అక్కకు పుట్టిన మొదటి ఇద్దరు ఆడపిల్లల మీద మేనమామకు హక్కు ఉండేది. 1909లో థర్‌స్టన్ పుస్తకంలో కూడా అది రాశాడు. ఒకే జన్యువు మోసే ఇద్దరు కలిసే వీలు దగ్గరి చుట్టరికంలో పెరుగుతుంది. మేనరికం మానేస్తే జబ్బే పోతుందని కాదు, బయటి సంబంధంలోనూ రావచ్చు. ఈ మాట మా వాళ్ళకు చెబితే రెండో భాగమే గుర్తుపెట్టుకుంటారు!

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది జమైకా సంగతి. 1973 నుంచి కింగ్‌స్టన్‌లోని విక్టోరియా జూబిలీ ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్ని పరీక్షించి, జబ్బున్నవాళ్ళను సర్జెంట్ అనే డాక్టరు బృందం ఏళ్ళతరబడి చూసుకుంది. ఈ జబ్బులో రక్తమంతా ఒక్కసారిగా ప్లీహంలో చేరిపోయి గంటల్లో ప్రాణం పోవచ్చు. వాళ్ళు తల్లులకు ఎడమ డొక్క తడిమి చూడడం నేర్పారు. ప్లీహం చేతికి తగిలితే వెంటనే ఆసుపత్రికి, అక్కడ రక్తం ఎక్కించడం. ఆ చావులు బాగా తగ్గాయి. 1986లో అమెరికాలో 215 మంది పసివాళ్ళ మీద జరిగిన పరీక్షలో, రోజూ పెన్సిలిన్ మాత్ర వేస్తే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి.

తడిమి చూడడం మా స్నేహితురాలి అత్తగారికి ముందే వచ్చు. "బల్ల" అన్న మాట కూడా ఆమె దగ్గరుంది. తర్వాత ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. చీటీ ఇచ్చిన చోట పెన్సిలిన్ మాటే రాలేదు. 1986కూ 2007కూ మధ్య 21 ఏళ్ళు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్‌ను చేర్చారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 17 రాష్ట్రాల్లో నలభై ఏళ్ళలోపు ఏడు కోట్లమందిని పరీక్షించి కార్డులివ్వాలని లెక్క. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి.

మా స్నేహితురాలికి 2010లో కూతురు పుట్టింది. అత్తగారు చేటెడు తవుడు పోసి కొంటానంటే ఈమె అడ్డు చెప్పలేదు. "అది కూడా వద్దంటే ముసలామె ఏం పట్టుకుని బతుకుద్ది అక్కా?" అంది నాతో. బడి రిజిస్టరులో వేరే పేరు, ఇంట్లో తవిటమ్మ. మిషన్ వాళ్ళు పరీక్ష చేసి ఆ పిల్లకు కార్డు ఇచ్చారు. జబ్బు లేదు, ఒక జన్యువు ఉంది. రేపు పెళ్ళిమాటలప్పుడు ఆ కార్డు బయటికి తీయాలని తల్లి అంటోంది. బీరువాలో అడుగున పెట్టమని తండ్రి అంటున్నాడు.