కాగితం మీద నిలిచిన కువైట్

1990 అనగానే మన ఇళ్లలో అమ్మాన్ ప్రయాణం కథలే వినిపిస్తాయి. ఆ ఏడాది ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య లక్షమందికి పైగా భారతీయులు అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో స్వదేశం చేరారు. ఇక్కడే ఉండిపోయిన కువైటీలు ఆ ఏడు నెలలు ఎలా నిలదొక్కుకున్నారో మాత్రం మనం అంతగా చెప్పుకోము.

ఆగస్టు 2న ఇరాక్ సేనలు ప్రవేశించాక ఇక్కడి దినపత్రికలు ఆగిపోయాయి. కొత్తగా వెలసిన 'అల్ నిదా' పత్రిక బాగ్దాదు పలుకులే పలికేది. ఆగస్టు 28న కువైట్‌ను ఇరాక్‌లో 19వ రాష్ట్రంగా ప్రకటించారు.

అటువంటి వేళ కాగితం ముక్కే ప్రజల నోరయింది. ఫొటోకాపీ తీసిన కరపత్రాలు రహస్యంగా చేతులు మారాయి. దొరికితే ప్రాణాలకే ముప్పు. మసీదులు, మనం నేటికీ సరుకులు తెచ్చుకునే జమియాలు జనం కలుసుకునే చోట్లయ్యాయి. తుపాకీ పట్టనివారు సైతం ఉద్యోగాలకు వెళ్లక, కార్ల నంబరు ప్లేట్లు మార్చక ధిక్కరించారు. సెప్టెంబరు 2 రాత్రి మేడలెక్కి 'అల్లాహు అక్బర్' అని ఎలుగెత్తారు. అబ్దుల్ జబ్బార్ మరాఫీ తన హామ్ రేడియోతో ఇక్కడి వార్తలను బయటి ప్రపంచానికి చేరవేశాడు. సమాచారం పంపిన అస్రార్ అల్ ఖబందీని 1991 జనవరిలో చంపివేశారు. 1942లో బొంబాయిలో ఉషా మెహతా బృందం నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియో మనకు ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఇందుకు భిన్నమైన ముచ్చట ఒకటుంది. 1990 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో ఒక బాలిక, ఆసుపత్రి ఇంక్యుబేటర్లలోని పసికందులను సైనికులు తీసి పారేశారని కన్నీళ్లతో చెప్పింది. లోకమంతా విన్నది. ఆమె కువైట్ రాయబారి కుమార్తె అనీ, ఆ సాక్ష్యం వెనుక ఒక ప్రచార సంస్థ ఉందనీ 1992లో బయటపడింది. ఆ కథకు తగిన ఆధారాలు దొరకలేదు. జరిగిన ఘోరాలే చాలినన్ని ఉండగా, ఈ కల్పన వల్ల నిజంగా బాధపడ్డవారి మాటకు కూడా విలువ తగ్గింది.

1991 ఫిబ్రవరి 26న కువైట్ విముక్తి పొందింది. దేశాన్ని విడిపించినవి సైన్యాలే, సందేహం లేదు. కాని అంతవరకూ తలవంచని జనాన్ని ఒక్కటిగా నిలిపిన వాటిలో ఆ చిన్న కాగితాలూ ఉన్నాయి. చేతి నుంచి చేతికి అందే మాటకు, ఇచ్చినవాని మీది నమ్మకమే బలం. ఆ నమ్మకం నిజం చెప్పినంత కాలమే నిలుస్తుంది. ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు అమ్మాన్ కథతో పాటు ఈ కథ కూడా చెబుదాం.