మెకానిక్ పీకేసిన వాల్వు

కిందటేడు ఓ పాత కారు కొన్నాను. చలికాలం పొద్దున్నే పదిహేను కిలోమీటర్లు తోలినా టెంపరేచర్ ముల్లు అడుగునే ఉండేది. ఇంజను చల్లగా ఉంటే మంచిదేగా అనుకున్నా గానీ, మైలేజీ చూస్తే ఏడుపొచ్చేది. ఓ ఆదివారం విప్పి చూస్తే థర్మోస్టాట్ ఉండాల్సిన చోటు ఖాళీ! అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "ఇంజను వేడెక్కుతోందని మెకానిక్ తీసేశాడండీ. మన ఎండలకి అదెందుకు?" అన్నాడు.

నిజమే, ఎందుకు? సమాధానం చరిత్రలో ఉంది.

1886 నాటి బెంజ్ కారుకి రేడియేటర్ లేదు. ఇంజను చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరైపోతుంటే మళ్ళీ పోసుకోవడమే. 1888లో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్ల పైన వెళ్ళింది దారిపొడుగునా నీళ్ళు పోసుకుంటూనే. 1900 ప్రాంతంలో మేబాక్, ఎనిమిదివేల పైచిలుకు సన్న గొట్టాలతో తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాడు. కొద్ది నీళ్ళతోనే పని జరిగిపోయింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి అయితే మొదటి రెండున్నర వేల బళ్ళ తర్వాత నీటి పంపు కూడా తీసేసింది. వేడినీళ్ళు పైకి, చన్నీళ్ళు కిందికి, వాటంతటవే తిరుగుతాయి.

చల్లబరచడం వచ్చేసింది. అప్పుడు తెలిసింది అసలు సమస్య: ఇంజను మరీ చల్లగా ఉన్నా చేటే. పెట్రోలు సరిగ్గా ఆవిరవ్వదు, సిలిండర్ గోడల మీద పడి ఆయిల్‌ని పలచన చేస్తుంది, అరుగుదల పెరుగుతుంది. చలిదేశాల్లో జనం రేడియేటర్‌కి అట్టముక్కలు అడ్డం పెట్టేవాళ్ళు. మనిషే థర్మోస్టాట్ అన్నమాట!

1914లో కాడిలాక్ వి-8 ఆ పని వాల్వుకి అప్పగించింది. తొలినాటి వాల్వుల్లో త్వరగా ఆవిరయ్యే ద్రవం నింపిన లోహపు తిత్తి ఉండేది. రేడియేటర్ మూతలు పీడనం పట్టే రకం వచ్చాక ఆ తిత్తి నొక్కుకుపోయి లెక్క తప్పేది. 1930లలో సెర్జియస్ వెర్నే మైనం వాడాడు. సుమారు 82 డిగ్రీల దగ్గర మైనం కరిగి, ఉబ్బి, వాల్వు తెరుస్తుంది. చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది. కరెంటు లేదు, కోడ్ లేదు. నేటికీ అదే సూత్రం.

అంటే మా మెకానిక్ ఒక్క స్పానరుతో నా కారుని 1908కి రోల్‌బ్యాక్ చేసేశాడు!

కొత్తది కొని, ముందు గిన్నెలో నీళ్ళు కాచి, అందులో వేసి తెరుచుకుంటోందో లేదో చూశాను. ఇంజను పూర్తిగా చల్లారాక (వేడి మీద మూత తీశారో, మొహం కాలిపోద్ది) పాత నీళ్ళు వదిలితే తుప్పుపట్టిన ఎర్ర బురద! ఇన్నాళ్ళూ కూలెంట్ బదులు బోరునీళ్ళు పోశారు. వేడెక్కడానికి అసలు కారణం అదీ. రేడియేటర్ శుభ్రంగా కడిగించి, కొత్త గాస్కెట్‌తో వాల్వు బిగించి, కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపాను. ముల్లు మధ్యకొచ్చి అక్కడే నిలబడింది.

బగ్ రేడియేటర్లో ఉంటే, డిలీట్ అయింది వాల్వు. ముల్లు కిందికి దిగిందని అందరూ సంతోషించారు. వచ్చే ఎండాకాలానికి ఆ బురదతో ఇంజనే పోయుండేది.

మెకానిక్‌ని తిట్టుకుందామనుకున్నా గానీ, మనసొప్పలేదు. పోయినేడాది రిలీజు రాత్రి, ఎందుకుందో తెలీని ఓ 'ఇఫ్' కండిషన్ని "మనకెందుకులే" అని తీసేసింది నేనే మరి!