బొబ్బిలి యుద్ధం తర్వాత: రాజీ ఎవరికీ ఎవరికీ మధ్య?

బొబ్బిలి యుద్ధం గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదనుకుంటాం. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులూ విజయనగరం విజయరామరాజు సైన్యమూ కలిసి కోటని కూల్చడం, రంగారావు చావు, కోటలోని ఆడవాళ్లూ పిల్లలూ తమవాళ్ల చేతుల్లోనే హతమవడం, మూడునాళ్లకి తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో జొరబడి విజయరామరాజుని పొడవడం, ఇదంతా జంగం కథకులు ఊరూరా పాడేరు. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్ర' రాసేడు. 1964లో రామారావూ 1986లో కృష్ణంరాజూ తెరమీదకి తెచ్చేరు. ఎవరు చెప్పినా కథ గుడారం దగ్గరే ఆగిపోతుంది. ఆ పోరు నిజంగా ముగియడానికి మాత్రం ఇంకో 37 ఏళ్లు పట్టింది. ఆ 37 ఏళ్లలో జరిగిన రాజీలు, తప్పిన మాటలు, చేతులు మారిన ఊళ్లు మన చరిత్రకారులకి పట్టలేదు. పౌరుషం లేని చోట వీళ్లకి చరిత్ర కనిపించదు కాబోలు.

అసలు తగువు దేనికి? వెలమ పౌరుషం, క్షత్రియ పౌరుషం అని పాటలు చెప్తాయి. ఆ కాలానికి దగ్గరగా ఉండి రాసిన ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ మాత్రం బొబ్బిలి వైపు నుంచి పారే నీళ్లని మళ్లించుకోవడం గురించి కూడా చెప్పేడు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. నీటి తగువంటే పొలం తగువే. పొలం తగువులో మదుం తీసేవాడూ, గట్టు కాసేవాడూ, రాత్రి గెడ్డలో నిలబడేవాడూ ఉంటారు. రాజుల కథలో వీళ్లకి పేరు లేదు, కులం లేదు. సైనికుల సంఖ్యలో మాత్రం కలిసిపోతారు.

యుద్ధానికి ముందే ఒక ఒప్పందం బల్లమీద ఉండేది. బొబ్బిలిని వదిలేస్తే దానికన్నా పెద్ద భూమి వేరేచోట ఇస్తానని బుస్సీ కబురు పెట్టేడు. రంగారావు దాన్ని అవమానంగా తీసుకున్నాడు. పాటలన్నీ ఈ తిరస్కారాన్ని ఆకాశానికెత్తేయి. నాకు వేరే ప్రశ్న వస్తుంది. రాజు వేరే భూమికి పోతే, బొబ్బిలి పొలాల్లో వెట్టి చేసేవాళ్లు ఎటు పోవాలి? వాళ్లు భూమితోపాటు కొత్త దొరకి దఖలు పడతారు. భూమి మార్పిడి ప్రతిపాదనలో మనుషుల మార్పిడి కూడా ఇమిడి ఉంది. ఇచ్చేవాడూ కాదన్నవాడూ ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

కోట కూలిన రోజు బతికిన పసివాడు చిన్నరంగారావుని బుస్సీ దగ్గరకి తెచ్చేరు. తండ్రికి ఇస్తానన్న భూమికే పిల్లవాణ్ణి దొరగా ప్రకటించేడు బుస్సీ. ఆ మాట నిలబెట్టడానికి ఫ్రెంచివాళ్లకే ఇక్కడ నిలకడ లేకపోయింది. చనిపోయిన విజయరామరాజు వారసుడు ఆనందగజపతి ఇంగ్లీషువాళ్లని పిలిచేడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయేరు. ఈలోగా పిల్లవాడి తరఫువాళ్లు రాజాం కోటని పట్టుకున్నారు. విజయనగరం దిగివచ్చి రాజాం, కవిటి పరగణాలని ఏడాదికి 20,000 రూపాయల కౌలుకి వాళ్లకి వదిలింది. ఇదీ మొదటి రాజీ. ఆ 20,000 ఎక్కడినుంచి వచ్చేయో ఏ కవీ పాడలేదు. రాజాం పరగణా పొలాల్లోంచే రావాలి కదా, ఇంకెక్కడినుంచి వస్తాయి!

ఈ రాజీ ఎంతో కాలం సాగలేదు. చిన్నరంగారావు పెద్దవాడై బలపడుతున్నాడని విజయనగరానికి భయం వేసింది. పట్టుకుని కోటలో ఏళ్లతరబడి ఖైదు చేసింది. 1790లో అతను తప్పించుకుని నిజాం రాజ్యానికి పారిపోయేడు. ఒప్పందం చేసుకున్న రెండు పక్షాల్లో ఒకదానికే బలగం ఉంటే అమలు ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. పైన పూచీ పడ్డవాడు లేడు.

పూచీదారు 1794లో వచ్చేడు. బకాయిల కోసం విజయనగరాన్ని నొక్కిన కంపెనీ, ఆ ఏడు జులై 10న పద్మనాభం దగ్గర రెండో విజయరామరాజుని చంపి, ఆ పెద్ద జమీనుని ముక్కలు చేసింది. చిన్నరంగారావుని పిలిచి బొబ్బిలిని తిరిగి అప్పగించింది. తండ్రి పోగొట్టుకున్నది కొడుక్కి దక్కింది, న్యాయం జరిగిందని రాసేరు. కంపెనీకి కావలసింది వేరు. విజయనగరం ఎదురు నిలిచేంత పెద్దదిగా ఉండకూడదు, పేష్కషు గడువుకి రావాలి. 1802 శాశ్వత బందోబస్తుతో ఈ ఏర్పాటుకి చట్టం ముద్ర పడింది. జమీందారు కట్టాల్సినది స్థిరపడింది. రైతు దగ్గర తీసేదానికి అంత గట్టి హద్దు పడలేదు. రైతు కింద పనిచేసే కంబారి, వెట్టివాడు, మాలపేట మనిషి ఆ కాగితంలో లేనేలేరు. రెండు ఇళ్ల మధ్య శాంతి ఖర్చు ఎవరి వీపుమీద పడిందో ఇక చెప్పాలా?

ఇది బొబ్బిలికే ప్రత్యేకం కాదు. బోస్నియా యుద్ధాన్ని ఆపిన 1995 డేటన్ ఒప్పందం దేశాధ్యక్ష పీఠాన్ని బోస్నియాక్, సెర్బ్, క్రొయేట్ ముగ్గురికి పంచింది. రోమా జాతివాడు దానికి పోటీ చెయ్యడానికే వీల్లేదు. రోమా అయిన దెర్వో సెయ్దిచ్, యూదుడైన యాకోబ్ ఫిన్సి కోర్టుకెళ్తే 2009లో ఐరోపా మానవ హక్కుల కోర్టు ఇది వివక్షేనని తీర్పిచ్చింది. ఏళ్లు గడిచినా రాజ్యాంగం మారలేదు. కొట్టుకున్నవాళ్లే పంచుకున్నారు. కొట్టుకోనివాడికి వాటా లేదు.

మన వైపు నుంచి మనవాడు సంతకం పెట్టిన ఒప్పందం ఒకటుంది, 1932 సెప్టెంబరు 24 నాటి పూనా ఒడంబడిక. దానివల్ల మద్రాసు శాసనసభలో అణగారిన వర్గాలకి రిజర్వు స్థానాలు 18 నుంచి 30 అయ్యేయి, ప్రత్యేక ఓటు పోయింది. ఆ ఏడు నవంబరులోనే బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ముఖ్యమంత్రి అయ్యేడు. 1937లో సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయేడు. రాజు ఓడితే ప్రజలు గెలిచేరని చెప్పుకున్నారు. ప్రజలంటే ఎవరో విడదీసి చూసినవాళ్లు తక్కువ.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. బొబ్బిలి కథ నాకు పుస్తకాల్లో దొరకలేదు. పాటలోనే విన్నాను, విని పొంగిపోయేను కూడా. పాపారాయుడి పేరు చెప్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ పులకరింత ఎవరిదని అడగడం తర్వాత నేర్చుకున్నాను.

పాపారాయుడి రాజాం 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డు కులాల రిజర్వుడు నియోజకవర్గం. ఆ నియోజకవర్గంలోనే వంగర మండలం ఉంది. బొబ్బిలి దగ్గర పారే వేగావతి వెళ్లి సువర్ణముఖి, నాగావళులతో కలిసే సంగం ఆ మండలంలోనిదే. మద్దువలస రిజర్వాయరూ అక్కడిదే. రిజర్వాయరు కోసం సర్కారు నష్టపరిహారమిచ్చి తీసుకున్న భూమిలో, నీరెక్కని చోట, లక్ష్మీంపేట మాలలు సాగు చేసుకున్నారు. పరిహారం తీసుకున్న తూర్పు కాపులకి అది గిట్టలేదు. 2012 జూన్ 12న దాడి చేసి అయిదుగురిని చంపేరు. చంపినవాళ్లు రాజులూ కాదు, వెలమలూ కాదు. 1802 కాగితంలో జమీందారుకి కింద నిలబడ్డ రైతు కులమే.

చుండూరు (1991) తర్వాత ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. లక్ష్మీంపేట వాళ్లు కూడా ఊళ్లో కోర్టే అడిగేరు, భూమి అడిగేరు. శాంతి కమిటీ కావాలని వాళ్లు అడగలేదు. ఇలాంటి ప్రతి చోటా అధికారులు మొదట వేసేది ఆ కమిటీనే. అందులో రాజీ పడమని రెండు పక్షాలకీ చెప్తారు. ఒక పక్షం దగ్గర శవాలున్నాయి, ఇంకో పక్షం దగ్గర భూమి ఉంది. ఎవరు ఏం వదులుకోవాలి?

2024 ఎన్నికల్లో బొబ్బిలి నుంచి బొబ్బిలి రాజుల ఇంటి వారసుడూ, విజయనగరం నుంచి పూసపాటి వారి ఆడపడుచూ ఒకే పార్టీ గుర్తు మీద గెలిచేరు. 1757 తగువు అక్కడ తీరిపోయింది. రాజాం, వంగర 2022లో విజయనగరం జిల్లాలో కలిసేయి. 20,000 రూపాయల కౌలుకి వెళ్లిన పరగణా ఆ రకంగా విజయనగరం పేరు కిందకే వచ్చింది. లక్ష్మీంపేటది ఇంకా భూమి తగువే.