మాట నడిచే దారి



2020లో బడులు మూతపడి, పాఠాలు ఫోన్లలోకి వచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా బళ్ళారి జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లలకు నేను పాఠాలు చెబుతాను. ఒకరోజు ఇంటర్నెట్ కాల్‌లో ఆరో తరగతి అమ్మాయిని అడిగాను: "తుంగభద్ర ఏ నదిలో కలుస్తుంది?" జవాబు రాలేదు. మళ్ళీ అడిగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "చదవలేదని చెప్పరాదా, ఈ మౌనవ్రతం ఎందుకు?" అని అందరి ముందూ కోప్పడ్డాను. సాయంత్రం వాళ్ళ నాన్న మామూలు ఫోన్ చేశాడు. "సార్, పాప రెండుసార్లు జవాబు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. మీకు వినపడలేదేమో" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా గొంతు ఆ ఇంటికి చేరింది. ఆ పిల్ల గొంతు నా దాకా రాలేదు. పోయిన దారి ఉండగా వచ్చే దారి ఏమైంది? ఆ ప్రశ్న పట్టుకుని నేను తెలుసుకున్న సంగతులే ఈనాటి ప్రసంగం.

ముందు పాత టెలిఫోన్ దగ్గర మొదలుపెడదాం. 1876లో గ్రాహం బెల్ టెలిఫోన్‌కు పేటెంట్ పొందాడు. 1882 నాటికే కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఎక్స్‌ఛేంజీలు వెలిశాయి. ఆ పద్ధతిలో ఎక్స్‌ఛేంజీలో కూర్చున్న ఆపరేటరు మీ తీగను అవతలివారి తీగతో కలిపేది. కలిపిన తరువాత ఆ దారి మొత్తం మీ ఇద్దరిదే. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మన దేశంలో మొదటి ఎస్టీడీ వచ్చింది. ఆపరేటరు పోయి యంత్రం వచ్చింది గాని, పద్ధతి మారలేదు. మా చిన్నతనంలో గుంతకల్లులో ఉన్న మేనత్తతో మాట్లాడాలంటే రాత్రి రేటు తగ్గేదాకా ఆగి ఎస్టీడీ బూత్‌కు వెళ్ళేవాళ్ళం. అమ్మ ఏం చెప్పాలో తోచక నిలబడినా మీటరు మీది ఎర్ర అంకెలు పరుగెత్తుతూనే ఉండేవి. ఆ డబ్బు మాటకు కాదు, దారికి. మనం మాట్లాడినా మాట్లాడకపోయినా ఆ దారి మనకోసం పట్టి ఉంచేవారు మరి.

1960లలో ఇద్దరు వేరువేరు దేశాల్లో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఈ పద్ధతిని ప్రశ్నించారు. అమెరికాలో పాల్ బారన్‌ది యుద్ధభయం. ఒక పెద్ద ఎక్స్‌ఛేంజీ మీద బాంబు పడితే దేశమంతా మూగబోతుంది గదా! అలాంటప్పుడు సందేశం వేరే దారి చూసుకుని పోయే వల కావాలన్నాడు. 1964లో తన ఆలోచనలను వివరంగా ప్రచురించాడు. ఇంగ్లండులో డొనాల్డ్ డేవీస్‌ది వేరే బాధ. కంప్యూటర్లు మనుషుల్లా ఏకధాటిగా మాట్లాడవు. ఒక్క క్షణం మాట్లాడి పది క్షణాలు ఊరుకుంటాయి. వాటికోసం దారంతా పట్టి ఉంచడం దుబారా అన్నాడు. సందేశాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క మీద విలాసం రాసి పంపాలని ఇద్దరూ తేల్చారు. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టినవాడు డేవీస్. మనం పొట్లం అనుకుందాం.

పొట్లానికి దారి ఎవరు చెబుతారు? దానికి రైల్వే మెయిల్ సర్వీసు మంచి పోలిక. కాకినాడకు వెళ్ళవలసిన ఉత్తరాన్ని బళ్ళారిలో వేరుచేసే మనిషికి కాకినాడ వీధులు తెలియనక్కర్లేదు. అది ముందు గుంతకల్లు సంచిలో పడాలని తెలిస్తే చాలు. తరువాతి సంచి సంగతి గుంతకల్లు చూసుకుంటుంది. ఇంటర్నెట్‌లో ప్రతి కూడలిలోనూ ఇలాంటి యంత్రం ఒకటి ఉంటుంది. దాన్ని రూటర్ అంటారు. మొత్తం దారి ఏ ఒక్క రూటర్ చేతిలోనూ ఉండదు. తన తరువాతి మజిలీ ఏదో దానికి తెలుసు, అంతే. ఒక దారి మూసుకుపోతే, ఆ కబురు రూటర్లు ఒకదానికొకటి చెప్పుకుని మరో దారికి మళ్ళుతాయి.

1969 అక్టోబర్ 29 రాత్రి ఆర్పానెట్ అనే వల మీద మొదటి సందేశం కాలిఫోర్నియాలోని రెండు సంస్థల మధ్య నడిచింది. "లాగిన్" అనే మాట పంపబోయారు. ఇంగ్లీషులో మొదటి రెండు అక్షరాలు చేరాక అవతలి యంత్రం మొరాయించింది. తరువాత సరిచేసి పంపారు. అంటే ఈ వల పుట్టిన రాత్రే దాని మొదటి మరమ్మతు కూడా జరిగింది!

ఈ వల ఉత్తరాలకు బాగానే ఉంది. మాటకు పనికొస్తుందా? 1974లో డానీ కోహెన్, ఆయన తోటివారు కలిసి కాలిఫోర్నియాకూ, మసాచుసెట్స్‌లోని లింకన్ ప్రయోగశాలకూ మధ్య పొట్లాల మీద మనిషి గొంతును పంపి చూశారు. చేరింది. అయితే అక్కడొక చిక్కు బయటపడింది. ఉత్తరంలో ఒక పేజీ పోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. ఆలస్యమైనా సరే, మొత్తం రావాలి. మాట అలా కాదు. "అమ్మా, బాగున్నావా" అన్నప్పుడు ఒక అక్షరం పోతే, రెండు క్షణాల తరువాత దాన్ని తెచ్చి ఇస్తే ఏం లాభం? కాస్త పోయినా ఫరవాలేదు, ఆలస్యం మాత్రం కూడదు.

ఈ వాదనను గట్టిగా వినిపించినవారిలో కోహెన్ ఒకరు. దాని ఫలితంగా 1978లో ఇంటర్నెట్ నియమాన్ని రెండుగా విడదీశారు. పొట్లాన్ని విలాసం చూసి చేర్చడం ఒక పని, దాని పేరు ఐపీ. పోయినదాన్ని మళ్ళీ తెప్పించడం వేరే పని, దాని పేరు టీసీపీ. తిరిగి తెప్పించే గొడవ పెట్టుకోని యూడీపీ అనే మూడోది 1980లో వచ్చింది. ఈనాటికీ ఇంటర్నెట్ మాటలు ఎక్కువగా దాని మీదనే నడుస్తున్నాయి. కంప్యూటర్ల వల కట్టినవాళ్ళు మనిషి గొంతు కోసం తమ నియమాన్నే మార్చుకున్నారన్నమాట.

1995లో వోకల్‌టెక్ అనే ఇజ్రాయిలీ కంపెనీ ఇంటర్నెట్ ఫోన్‌ను మామూలు కంప్యూటర్లకు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టు 15న మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. అయితే దానిమీద మాట్లాడటానికి చట్టం 2002 ఏప్రిల్ దాకా ఒప్పుకోలేదు. 2003లో స్కైప్ పుట్టింది, ఎన్నో కుటుంబాలను కలిపింది, 2025 మేలో మూతపడింది.

ఇక మాట ఎందుకు తెగుతుందో చూద్దాం. మామూలుగా మన గొంతును క్షణంలో యాభయ్యో వంతు చొప్పున కోసి పంపుతారు. అంటే క్షణానికి 50 పొట్లాలు. అవి ఒకే తీరుగా చేరవు. కొన్ని ముందు వస్తాయి, కొన్ని వెనుకబడతాయి. అవతలి ఫోను వాటిని కాసేపు ఆపి, వరుసలో పెట్టి వినిపిస్తుంది. మరీ ఆలస్యంగా వచ్చినదాన్ని పారేస్తుంది. అప్పుడే గొంతు కీచుమంటుంది, మాట తునకలవుతుంది. ఒకవైపు ప్రయాణం క్షణంలో ఏడో వంతు, అంటే 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుంది. అది బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. "నా మాట వినిపించుకోవు నువ్వు" అన్న నిష్ఠూరాలు అక్కడే మొదలవుతాయి. తప్పు దారిది, నింద మనిషిది.

దారిలో లోపం ఎక్కడుందో కనిపెట్టే పనిముట్లకూ ఒక చరిత్ర ఉంది. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ "పింగ్" అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. జలాంతర్గాములు శబ్దం పంపి ప్రతిధ్వని వినే పద్ధతే దానికి ఆదర్శం. ఒక పొట్లం పంపుతుంది, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో ఒక వింత జరిగింది. కేవలం 400 గజాల దూరంలో ఉన్న రెండు సంస్థల మధ్య వల దాదాపు నిలిచిపోయింది. క్షణానికి 32 వేల బిట్లు నడిచే చోట 40 బిట్లు మాత్రమే నడిచాయి. తీగ తెగలేదు. పోయిన పొట్లాలను అందరూ మళ్ళీ మళ్ళీ పంపడంతో దారి కిక్కిరిసిపోయింది. వాన్ జేకబ్సన్ ఆ చిక్కుకు విరుగుడు కనిపెట్టాడు. 1980ల చివర "ట్రేస్‌రూట్" అనే పనిముట్టును ఇచ్చినవాడు కూడా ఆయనే.

దాని ఉపాయం చక్కనిది. పొట్లం దారి తప్పి వలలో శాశ్వతంగా తిరగకుండా ప్రతి పొట్లం మీద ఒక అంకె వేస్తారు. ఒక్కో రూటర్ దాంట్లోంచి ఒకటి తగ్గిస్తుంది. సున్నా అయితే పొట్లాన్ని ఆపి, సాధారణంగా పంపినవారికి "నా దగ్గర ఆగిపోయింది" అని కబురు పెడుతుంది. జేకబ్సన్ ముందు 1 వేసి పంపాడు, మొదటి రూటర్ పలికింది. 2 వేస్తే రెండోది పలికింది. అలా దారిలోని మజిలీలన్నీ బయటపడ్డాయి. కొన్ని రూటర్లు జవాబివ్వవు. అంతమాత్రాన అవి చెడిపోయాయనుకోకూడదు. ఇంకొకటి, పోయే దారీ వచ్చే దారీ ఒకటే కానక్కర్లేదు.

సరిహద్దు జిల్లాల మనకు ఇందులో ఆశ్చర్యం ఏముంది? 1953 అక్టోబర్ 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. యాభై కిలోమీటర్ల దూరంలోని గుంతకల్లులో అన్న, ఇక్కడ తమ్ముడు. ఇద్దరి కాగితాలూ వేరువేరు రాజధానులకు ప్రయాణం కట్టాయి. ఇంటర్నెట్ తొలినాళ్ళలోనూ ఇదే కథ. మన దేశంలో ఒక కంపెనీ వినియోగదారు నుంచి మరో కంపెనీ వినియోగదారుకు వెళ్ళే పొట్లం చాలాసార్లు విదేశాలు తిరిగి వచ్చేది. కంపెనీలు ఇక్కడ ఒకదానితో ఒకటి కలవకపోవడమే దానికి కారణం. 2003లో నిక్సీ అనే సంస్థ ఏర్పడి, దేశంలోని పొట్లాలు దేశంలోనే చేతులు మారే కూడళ్ళు పెట్టింది. 2008 జనవరి 30న ఈజిప్టు తీరంలో సముద్రగర్భ తీగలు తెగినప్పుడు మన ఇంటర్నెట్ బాగా మందగించింది. మిగిలిన తీగలమీదికి, చుట్టుదారులకు రాకపోకలు మళ్ళాయి. బారన్ చెప్పినట్టు వల బతికింది. కాని చుట్టుదారి ఉత్తరానికి చాలు, మాటకు కష్టం.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. మరునాడు వాళ్ళ నాన్నా నేనూ మజిలీ మజిలీగా వెతికాం. ముందు ఆ ఫోనులోనే ఆమె గొంతు రికార్డు చేశాం, బాగుంది. కాబట్టి మైకు లోపం కాదు. అదే యాప్‌లో వేరే పిల్లవాడి గొంతు నాకు వినిపించింది. కాబట్టి నా వైపు లోపం కాదు. తరువాత పాపను మిద్దె మీదికి వెళ్ళి మాట్లాడమన్నాం. గొంతు గంటలా మోగింది! టవరు శక్తి ఎక్కువ, చేతిలోని ఫోను శక్తి తక్కువ. గోడల మధ్య టవరు మాట ఫోనుకు అందింది గాని, ఫోను మాట టవరుకు అందలేదు.

అన్నిసార్లూ ఇదే కారణం కాదు. ఇంట్లో ఒకరు సినిమా దించుకుంటుంటే దారి కిక్కిరిసి మాట ఆగవచ్చు. ఇంటి రూటర్ ఒకే విలాసం వెనుక అన్ని ఫోన్లనూ దాచిపెడుతుంది. అందువల్ల గంట మోగినా, ఒకవైపు గొంతు లోపలికి రాకపోవచ్చు. కాబట్టి ఇంటి నుంచి మొదలుపెట్టి వెలుపలికి వెతకండి: ముందు ఫోను, తరువాత ఇంటి రూటర్, తరువాత కంపెనీ, చివరగా అవతలివారు. మనం సాధారణంగా చివరి నుంచి, అంటే మనిషి నుంచి మొదలుపెడతాం. నేను చేసిన పొరపాటు అదే.

తరువాతి క్లాసులో అందరి ముందూ ఆ పిల్లకు క్షమాపణ చెప్పాను. మళ్ళీ అదే ప్రశ్న అడిగాను. మిద్దె మీది గాలి హోరులోంచి జవాబు వచ్చింది: "కృష్ణానదిలో, సార్. నిన్న కూడా చెప్పాను."