ఉప్పెన తగ్గినా మురుగు తగ్గలేదు

బందరు ఉప్పెనల గురించి మాట్లాడేటప్పుడు మనం తారీఖుల దగ్గరే ఆగిపోతాం. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం పట్టణంలోకి వచ్చి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 113 ఏళ్లకు, 1977 నవంబరు 19న, దివిసీమ మీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి, చావులు 10 వేలకు పైనే. ఈ రెండు తారీఖుల మధ్య డెల్టా తయారైన తీరు ఎవరికీ పట్టదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చింది. నీళ్ల వెంట వరి, వరి వెంట జనం. మెరక భూములు అప్పటికే ఉన్నవాళ్ల చేతుల్లో ఉన్నాయి. కూలీలు, మత్స్యకారులు, యానాదులు సముద్రం వైపు పల్లపు నేలల్లో తాటాకు పాకలు వేసుకున్నారు. ఆరు మీటర్ల అల వచ్చినప్పుడు ఎక్కి నిలబడడానికి వాళ్ల చుట్టుపక్కల డాబా అన్నది అరుదు. తుపాను ఎవరి తప్పూ కాదు. ఆ పల్లంలో అంతమంది దిక్కులేకుండా ఉండడం మాత్రం పాలన తప్పే.

అంత ఉప్పెనను ఏ సర్కారు ఆపగలదని అడగొచ్చు. అలను ఆపలేదు, నిజమే. కానీ 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటితే పోయింది వెయ్యిలోపు మంది. ఆసారి ఉప్పెన ఎత్తు తక్కువ, అదీ ఒప్పుకోవాలి. అయినా లక్షల మందిని ముందే తరలించకపోతే ఆ సంఖ్య వెయ్యి దగ్గర ఆగేది కాదు. 1977లోనూ రేడియో హెచ్చరించింది. విన్నవాడికి వెళ్లడానికి చోటు లేదు, తీసుకెళ్లే బండి లేదు. ఈ 13 ఏళ్లలో బందరులో తుపాను రాడార్ వచ్చింది, ఊరూరా స్తంభాల మీద షెల్టర్లు లేచాయి, రెవెన్యూ యంత్రాంగానికి తరలింపు ఒక డ్యూటీ అయింది. ఇదంతా దేవుడి దయ కాదు, జీవోలూ బడ్జెట్టూ చేసిన పని.

ప్రాణాల విషయంలో నేర్చుకున్న పాఠం పొలానికి దాటలేదు. నీళ్లు తెచ్చే కాలువకు ఉన్న పలుకుబడి నీళ్లు తీసే డ్రెయినుకు ఎప్పుడూ లేదు. డెల్టా మురుగు సమస్యను 1960ల్లోనే మిత్రా కమిటీ పరిశీలించింది, 1968లో రైతుల మీద డ్రెయినేజీ సెస్సు చట్టమూ వచ్చింది. పన్ను కట్టినవాడి పొలం నుంచి నీళ్లు ఇంకా దిగవు. గుడివాడ వైపు మురుగు కొల్లేరు చేరాలి, కొల్లేటికి సముద్రంలోకి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారిలో చెరువు గట్లు, పూడిక, గుర్రపుడెక్క. దివిలో రత్నకోడు డ్రెయినుదీ దాదాపు ఇదే కథ. కోసిన పనలు మోకాలి లోతు నీళ్లలో నాలుగు రోజులు నానితే కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. అప్పుడు దాన్ని మిల్లు వైపు తీసుకెళ్లడం కూడా దండగే.

చేపల చెరువులు వరి ఇవ్వని డబ్బు ఇచ్చాయి, వాటిని తప్పుబట్టడం ఎందుకంటారు. చెరువును ఎవరూ తప్పుబట్టడం లేదు, గట్టు వేసిన చోటునే అడుగుతున్నాం. 2006లో కొల్లేటి అభయారణ్యంలో చెరువు గట్లు తెంచారు, తర్వాత చాలా చోట్ల మళ్లీ లేచాయి. లాభం గట్టు వేసినవాడిది, ముంపు పైనున్న కౌలు రైతుది. పేరు పాసుపుస్తకంలో లేకపోతే నష్టపరిహారం అతని దాకా రావడమే కష్టం. అందుకే వచ్చే గ్రామసభలో షెల్టరు తలుపుల గురించి అడిగాక కూర్చోకండి. మన డ్రెయిను పూడిక ఏ నెలలో తీస్తారో, కౌలు రైతు పేరు నష్టం జాబితాలో ఎవరు రాస్తారో చెప్పమనండి. చెప్పింది మినిట్స్ పుస్తకంలో రాయించండి.