చెరువు కడుపు

తెలంగాణా రెవెన్యూ కాగితాల్లో 'శిఖం భూమి' అని ఒక మాటుంది. ఉర్దూలో శికం అంటే కడుపు. చెరువు కడుపన్నమాట! నీళ్ళున్నన్నాళ్ళూ అది చెరువు. నీళ్ళు తగ్గాక ఆ తడిలోనే రైతు నాలుగు గింజలు పండించుకుంటాడు. పట్టా ఉన్నవాడైనా సరే, అక్కడ పంట వేసుకోవాలిగాని ఇల్లు కట్టకూడదు. ఆ పేరు పెట్టినవాడెవడోగాని సంసారం తెలిసినవాడే. కడుపన్నాక ఒకప్పుడు ఖాళీగా ఉంటుంది, ఒకప్పుడు నిండుతుంది. ఖాళీగా కనిపించింది కదా అని అందులో కాపురం పెడితే ఏమవుతుంది చెప్పండి?

ఏమవుతుందో హైదరాబాదు చాలాసార్లు చూసింది. అన్నిటికన్నా ఘోరంగా చూసింది 1908 సెప్టెంబరు 28న. ఊరికి ఎగువన శంషాబాద్‌లో ఒక్క రోజులో 12 అంగుళాలకు పైగా వాన కురిసింది. మూసీలోకి నీరు దించే ఆ ప్రాంతంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. ఊళ్ళోకి వచ్చేసరికి అది నది కాదు, కొండ! అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. 15 వేలమంది పోయారని అంచనా. ఒక్క చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

అప్పటి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పట్టుబట్టలూ ముత్యాలూ సమర్పించి మూసమ్మను శాంతింపజేశాడని జనం చెప్పుకుంటారు. ఆ మాట ఎలా ఉన్నా, ఆయన ప్రభుత్వం చేసిన అసలు పని మరొకటి. యూరప్ పర్యటనలో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి కబురు పంపింది. ఆయన 1909లో వచ్చి, వాన లెక్కలూ చెరువుల లెక్కలూ తీసి, రెండు సలహాలిచ్చారు. ఊరికి పైన పెద్ద జలాశయాలు కట్టి వరదను పట్టి ఉంచడం ఒకటి. ఊళ్ళో నది ఒడ్డును గట్లతో, తోటలతో తీర్చిదిద్దడం రెండోది.

మొదటి సలహా అందరికీ తెలిసిందే. 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదా ఆగింది, ఊరికి తాగడానికి నీళ్ళూ వచ్చాయి. నాకు మాత్రం ఆ రెండో సలహాయే ముచ్చటగా తోస్తుంది. ఒడ్డున ఇంటికి బదులు తోట ఉందనుకోండి, వరదొస్తే మొక్కలు మునుగుతాయి, అంతే. పొయ్యీ, పసిపిల్లా మునగరు. 1912లో ఏడో నిజాం కాలంలో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు వాడలు తీసేసింది, రోడ్లు వెడల్పు చేసింది. తీసేసి ఊరుకోలేదు, ఇళ్ళు కూడా కట్టించింది. ఈ చివరిమాట కాస్త గుర్తుంచుకోండి.

రెండు పెద్ద జలాశయాలు కాపలా కాస్తున్నాయి కదా అని ఊరు గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయినట్టుంది. వరదంటే మూసీ ఒక్కటే అనుకున్నారు. ఊళ్ళో చెరువుల్ని మర్చిపోయారు. హయాత్ బక్షీ బేగంను ప్రజలు 'మా సాహెబా' అని పిలుచుకునేవారు. ఆవిడ పేరుమీద వెలసిన చెరువే మాసబ్ ట్యాంక్. ఆ పేరు ఇప్పటికీ బస్సుల మీద ఉంది, చెరువు మాత్రం లేదు!

నియమాలు రాలేదా అంటే వచ్చాయి. 1996 మార్చిలో 111వ నంబరు జీవో వచ్చింది. అది ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలకి కళ్ళెం వేసింది. తాగేనీరు పాడవకూడదని తెచ్చినా, వాన ఇంకే నేలనీ అదే కాపాడింది. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022 ఏప్రిల్‌లో మరో జీవో వచ్చింది. ఊరి చెరువుల సంగతి 2012 నాటి భవన నిర్మాణ నియమావళిలో ఉంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే హద్దును ఎఫ్.టి.ఎల్. అంటారు. దాని లోపల అసలు కట్టకూడదు. పది హెక్టార్లూ ఆపైన ఉన్న చెరువైతే ఆ హద్దు దాటి మరో 30 మీటర్లు వదలాలి. చిన్నదైతే 9 మీటర్లు. ఊళ్ళో నది ఒడ్డునైతే 50 మీటర్లు. పది మీటర్లకన్నా వెడల్పైన నాలాకి 9 మీటర్లు. కాగితం మీద ఎంతో బాగుంది. కాని ఆ గీత ఎక్కడుందో నేలమీద రాయి పాతి చూపించకపోతే అమ్మేవాడికి పండగే కదా!

2020 అక్టోబరులో ఏం జరిగిందో చూశాం. పల్లె చెరువు పొంగి అల్ జుబైల్ కాలనీలోకి నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత కొద్దిరోజులకే గుర్రం చెరువు కట్ట తెగింది. పాపం, అక్కడున్నవాళ్ళు దొంగలా? ఆయనగారి ప్రావిడెంటు ఫండూ, ఆవిడగారి గాజులూ కలిపి కొనుక్కున్న ప్లాట్లవి. రిజిస్ట్రేషను అయింది, కరెంటు మీటరు పెట్టారు, ఇంటిపన్ను ఏటేటా కట్టించుకున్నారు. ఇన్నీ అయ్యాక ఒకనాడు 'ఇది చెరువమ్మా' అంటే ఆ ఇల్లాలు ఏమైపోవాలి? అలాగని చెరువును వదిలేయమనీ అనలేను. దిగువ వీధిలో మరో ఇల్లాలు నడుం లోతు నీళ్ళలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడుతుంది. 2024 జులైలో హైడ్రా అనే సంస్థ ఏర్పడి ఆక్రమణలు తీసేయడం మొదలుపెట్టాక ఈ రెండు వాదాలూ ప్రతి ఇంటా వినబడ్డాయి. నా మటుకు నాకు చెరువుకి చోటు వదలాల్సిందే అనిపిస్తుంది. కాని 1912 నాటి బోర్డులాగా, తీసేసేవాళ్ళు ముందు ఆ ఇల్లాలికి తలదాచుకునే చోటు చూపించాలి. అనుమతి ఇచ్చి సంతకం పెట్టినవాడిని కూడా ఒకసారి పిలిచి అడగాలి. ఆయన ఇల్లు ఎప్పుడూ మిట్టమీదే ఉంటుందేమిటో!

అంబర్‌పేటలో బతుకమ్మ కుంట అని ఒకటుంది. ఏళ్ళ తరబడి చెత్తాచెదారంతో పూడిపోయి, పిచ్చిమొక్కలు మొలిచిన ఖాళీజాగాలా కనిపించేది. 2025లో పొక్లెయిన్లు తెచ్చి కొన్ని అడుగులు తవ్వారో లేదో, అడుగునుంచి నీళ్ళు ఊరాయి. ఆ ఏడు పండక్కి ఆడవాళ్ళు అక్కడే బతుకమ్మ ఆడారు.