పైమెట్టు ఎక్కని అర్జీ: 1855 నివేదిక నుంచి క్రాన్ దాకా

సహాయకేంద్రాల సాఫ్ట్‌వేర్‌లో గడువు దాటిన ఫిర్యాదు ఎవరూ కదపకుండానే పై అధికారికి చేరడాన్ని ‘ఎస్కలేషన్’ అంటున్నాం. ఈ ఆలోచన కంప్యూటర్లతో పుట్టలేదు. దాని వైఫల్యమూ కొత్తది కాదు. ఆ వైఫల్యాన్ని నెల్లూరు జిల్లాను దృష్టిలో ఉంచుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1801లో నెల్లూరు ఆర్కాటు నవాబు నుంచి కంపెనీ పాలనలోకి వచ్చింది. 1816 నాటి రెగ్యులేషన్లతో శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ తహసీల్దారు చేతిలో చేరాయి. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించిన గాజుల లక్ష్మీనరసుసెట్టి వంటివారి కృషితో శిస్తు కోసం రైతులను హింసించే విషయం బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లింది. 1854లో మద్రాసు రాజధానిలో విచారణ సంఘం ఏర్పడి, మరుసటి ఏడు నివేదిక సమర్పించింది.

ఆ నివేదికలో చిత్రహింసల వివరాలే ఎవరినైనా మొదట ఆపుతాయి. నాకు మాత్రం అర్జీ ఎందుకు ఫలించలేదో చెప్పిన భాగం మరింత విలువైనదిగా తోస్తుంది. కలెక్టరు కచేరీ దూరం; దారి ఖర్చు, పని నష్టం. ఇసకపల్లి, కృష్ణపట్నం వంటి తీరగ్రామాల నుంచి నెల్లూరుకు నడిచి రావలసినవాడికి ఇది చిన్న మాట కాదు. పోనీ కాగితం మీద రాసి పంపితే, మామూలు ఎండార్సుమెంటుతో అది తహసీల్దారుకే తిరిగి వస్తుందన్న భయం. అన్యాయం చేసినది అతడో, అతని కింది జవానో. అర్జీ పైకి వెళ్లింది, కాని వెళ్లినట్టే వెళ్లి బయలుదేరిన చోటికే చేరింది.

లైనక్స్ సర్వర్లపై విరివిగా నడిచే ఓఎస్‌టికెట్‌ను ఈ కోణంలో చూడవచ్చు. అందులో గడువు దాటిందో లేదో తనిఖీ చేసే పని క్రాన్‌ది. క్రాన్‌ను విడిగా ఏర్పాటు చేయకపోతే, ‘ఆటోక్రాన్’ ఆ పని చేస్తుంది. కాని అది సిబ్బందిలో ఎవరైనా లాగిన్ అయి ఉన్నప్పుడే కదులుతుంది. అధికారి కచేరీకి రాని రోజు ఫిర్యాదుదారుడి గడియారం కూడా ఆగిపోతుందన్న మాట! పండుగ సెలవుల తరువాత ఒక్కసారిగా ‘గడువు దాటింది’ హెచ్చరికలు గుట్టగా పడితే ముందు అనుమానించవలసినది దీనినే. పనివేళల పట్టిక యూటీసీలో మిగిలిపోతే మరో చిక్కు: 10 గంటలని రాసిన పనిదినం నెల్లూరులో మధ్యాహ్నం 3:30కి మొదలవుతుంది.

ఇవి సాంకేతిక లోపాలు, వెతికితే దొరుకుతాయి. హెచ్చరిక ఎవరికి వెళ్లాలన్న అమరికలో ఉన్న లోపం లాగ్‌లో కనిపించదు. టికెట్ అప్పగించిన ఉద్యోగికి మాత్రమే గుర్తు పెట్టి, విభాగాధిపతి గడిని ఖాళీగా వదిలేస్తే, క్రాన్ చక్కగా నడుస్తుంది, హెచ్చరిక వేళకు వెళ్తుంది, ఆలస్యం చేసినవాడికే చేరుతుంది. 1855 నాటి ఎండార్సుమెంటు ఇదే.

మద్రాసులో 1859 పోలీసు చట్టం పోలీసు శాఖను రెవెన్యూ నుంచి విడదీసింది. సాఫ్ట్‌వేర్‌లో ఇంత పని అక్కరలేదు. పరీక్షకోసం ఒక టికెట్ తెరిచి, గడువు దాటనిచ్చి, సిబ్బంది అందరినీ లాగౌట్ చేయించి, హెచ్చరిక ఎవరి పెట్టెలో పడిందో చూడాలి.